ఊ కొట్టేవాళ్ళు

(ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

"సాహిత్యం, కళలు, సమాజం" అని నాకు విషయం ఇచ్చారు. మూడింటినీ ఒక్కసారే నెత్తికెత్తుకుంటే మెడ నిలవదు. పైగా నేను కథలు రాసిన మనిషిని కాదు, విమర్శ రాసిన మనిషిని అంతకన్నా కాదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకున్నాను. బల్లకు ఇవతల నేను, అవతల చదివేవాళ్ళు. రాసేవాళ్ళ గురించి మాట్లాడటానికి ఈ సభలో నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను రోజూ చూసింది బల్లకు అవతలి వాళ్ళను. అందుకని వాళ్ళ గురించే చెప్తాను. చదివేవాళ్ళు, వినేవాళ్ళు, చూసేవాళ్ళు. మా నాయనమ్మ మాటలో చెప్పాలంటే ఊ కొట్టేవాళ్ళు.

మా నాయనమ్మ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. విస్తరాకులు కుడుతూనే కథ చెప్పేది. తల ఎత్తి మన వైపు చూడదు. మనం వింటున్నామో లేదో ఆవిడకు తెలియాలంటే మనం "ఊ" అనాలి. ఆ ఊ కాస్త ఆలస్యమైతే ఆవిడ ఆపదు, తిట్టదు. కథలోకి ఒక అబద్ధం జారవిడుస్తుంది. "అప్పుడు హనుమంతుడు సైకిలెక్కి లంకకు పోయాడు" అంటుంది, అదే గొంతుతో, అదే వేగంతో. నిద్రమత్తులో "ఊ" అన్నామా, దొరికిపోయాం. "సైకిలెక్కాడా? మరి టైర్లో గాలుందో లేదో చూసుకున్నాడా?" అని అడిగేది. ఆ రాత్రికి కథ బంద్. మిగతా పిల్లలంతా మనల్ని తినేసేలా చూసేవాళ్ళు.

ఊ రెండు రకాలని నాకు అక్కడే తెలిసింది. వింటూ అనే ఊ ఒకటి, నిద్రపోతూ అనే ఊ ఒకటి. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. తేడా తెలియాలంటే మధ్యలో సైకిల్ రావాలి.

మన సాహిత్యం మొదటి నుంచీ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని వింటున్నట్టే నడిచింది. భారతం చూడండి. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగితే సూతుడు చెప్తాడు. ఆ చెప్పేదాంట్లో జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు చెప్తాడు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు అడిగితే నన్నయ తెలుగులో చెప్పాడు. అడిగేవాడు లేకుండా కథ ఒక్క అడుగు వేయదు. నన్నయ ఇంకో పని కూడా చేశాడు. పదకొండో శతాబ్దంలోనే, అవతారికలోనే, అంటే కావ్యం మొదట రాసుకున్న ముందుమాటలోనే, తన పుస్తకం ఎవరెవరు వింటారో లెక్క వేసుకున్నాడు. కవీంద్రులైనవాళ్ళు కథలోని అర్థయుక్తిని లోపలికి వెళ్ళి చూసి మేలంటారట, ఇతరులు అక్షరరమ్యతను ఆదరిస్తారట. నాకు నచ్చేదేమిటంటే ఆ "ఇతరుల"ను ఆయన గుమ్మం బయట నిలబెట్టలేదు. లోపలి అర్థం అందకపోతే పోనీ, చెవికి ఇంపుగా ఉంటుంది, వచ్చి కూర్చోండి అన్నట్టు ఉంటుంది ఆ మాట. నేను చాలాకాలం ఆ రెండో వరుసలోనే కూర్చున్నాను. కొన్ని పద్యాల దగ్గర ఇప్పటికీ అక్కడే ఉన్నాను, సిగ్గేమీ లేదు.

తిక్కన మనుమసిద్ధి కొలువులో ఉన్న మనిషి. అయినా భారతం చెప్పడానికి రాజును కాకుండా హరిహరనాథుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ప్రతి ఆశ్వాసం మొదట్లో ఆయన్ని పిలుస్తాడు, చివర మళ్ళీ పిలుస్తాడు. శైవులూ వైష్ణవులూ మాటామాటా అనుకుంటున్న కాలంలో ఇద్దరికీ చెందిన శ్రోతను వెతుక్కున్నాడన్నమాట. ఎవరికి చెప్తున్నామో ఎంచుకోవడం కూడా రచనలో భాగమే. మంత్రిగా పనిచేసినవాడికి అది ఇంకొంచెం బాగా తెలిసి ఉంటుంది.

ఇక వేమన. రాజూ లేడు, దేవుడూ లేడు. దాదాపు ప్రతి పద్యం చివర "వినుర" అంటాడు. చిన్నప్పుడు అది పాదం నింపడానికి పెట్టిన మాట అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే, రోడ్డు మీద పోయేవాణ్ణి భుజం పట్టి ఆపినట్టు అనిపిస్తుంది. సీ.పీ. బ్రౌన్ తాళపత్రాలు పోగుచేసి 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించే నాటికి పండితులు ఆ పద్యాలను పెద్దగా ఖాతరు చేసేవాళ్ళు కాదు. మరి ఇన్ని వందల పద్యాలు అంతవరకు ఎక్కడ నిలిచాయి? వింటున్నవాళ్ళ నోళ్ళలో.

"వినుర" అన్న ఆ పిలుపే బుర్రకథలో "వినరా భారత వీరకుమారా" అని మొదలవుతుంది. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ మా తరం వాళ్ళు కొందరు ఎదురుగా చూశారు, మిగతావాళ్ళు రేడియోలో విన్నారు. 1920లో పుట్టారు, 1997లో పోయారు. మధ్యలో ప్రజానాట్యమండలి, ఊరూరా కథలు, 1986లో పద్మశ్రీ. ఆయన గొంతు గురించి అందరూ చెప్తారు. నేను వంతల గురించి చెప్తాను.

బుర్రకథలో కథకుడు ఒక్కడు, వంతలు ఇద్దరు. కథకుడి భుజాన తంబురా, చేతికి అందెలు. వంతల చేతుల్లో డక్కీలు. ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు రాజకీయం చెప్తారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఈసారి చూసే అవకాశం దొరికితే కథకుణ్ణి కాసేపు వదిలేసి వంతను చూడండి. కథకుడు యుద్ధం వర్ణిస్తూ ముందుకు దూకుతుంటే, వంత ఆ ముఖంలోకే చూస్తూ ఉంటాడు. ఈ కథ అతను వందసార్లు విని ఉంటాడు. అయినా పల్నాటి బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకుని బయల్దేరేటప్పుడు "అయ్యో, నిజంగానే వెళ్తున్నాడా?" అన్నట్టు చూస్తాడు. "తందాన తాన" అన్నప్పుడు కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సందు లేకపోతే ఏ కథకుడూ గంటల తరబడి అలా చెప్పలేడు. కథ మరీ పౌరుషంలోకి వెళ్ళిపోతే హాస్యం వంత "అది సరే గురూ, మరి అన్నం ఎప్పుడు తిన్నారు?" అని నేల మీదికి దింపుతాడు. రాజకీయం వంత "మరి మన ఊళ్ళో సంగతేమిటి?" అంటాడు. ప్రేక్షకుల్లో ఎవడో అడగాల్సిన ప్రశ్న అది. అడగడానికి మొహమాటపడతాడని, వాడి తరఫున ఒకణ్ణి వేదిక మీదికే ఎక్కించి డక్కీ చేతికిచ్చారు మనవాళ్ళు.

తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా చేసే పని కూడా ఇదే. రామాయణం నడుస్తుండగా దూరి, ఆ ఊరి కబుర్లూ ఆ ఊరి పెద్దల బాగోతాలూ మాట్లాడి వెళ్ళిపోతారు. అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది ఉంటే, అందులో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే వేరు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే అతని ఉద్యోగం. హరికథలో భాగవతార్ మధ్యమధ్య "శ్రీమద్రమారమణ గోవిందో" అంటే అందరూ "హరి" అనాలి. భక్తి సంగతి ఎలా ఉన్నా, కునికేవాళ్ళు లేస్తారు. అందరూ మా నాయనమ్మ దారే.

నాటకం దగ్గర కొంచెం ఆగుతాను.

పద్యనాటకాల రోజుల్లో "వన్స్‌మోర్" అనేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. చనిపోయిన పాత్ర లేచి నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకుని చనిపోయేది. ప్రేక్షకుడి మాటకు అంత బలం ఉండేది. దాంతో నాటకానికి మేలే జరిగిందని మాత్రం అనను. చాలా చోట్ల చెడగొట్టారు కూడా. పద్యానికి చప్పట్లు వస్తున్నాయని రాగం సాగదీసి, హార్మోనియం ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళి, రాయబారానికి వచ్చిన కృష్ణుడు తను ఎందుకొచ్చాడో మరిచిపోయేవాడు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవాళ్ళు. సీనుకొక కృష్ణుడు. ఎవరి కృష్ణుడికి వాళ్ళు చప్పట్లు కొట్టుకునేవాళ్ళు. అది వినడం కాదు, పందెం కాయడం.

కానీ అదే ప్రేక్షకుల వల్ల, అదే నటుల వల్ల, నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండే సంగతి ఒకటి జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఉంది కదా. హరిశ్చంద్రుడు భుజాన కర్ర పెట్టుకుని శ్మశానంలో తిరుగుతూ పాడే పద్యాల్లో బాగా పేరుపడినవి, "ఇచ్చోటనే" అని ఎత్తుకునేవి, బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారివి. శ్మశానవాటిక మీద జాషువా విడిగా రాసుకున్న పద్యాలు. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో పాడారు. జనం వన్స్‌మోర్ కొట్టారు. ఇక ఆ పద్యాలు నాటకంలో అతుక్కుపోయాయి. అవి లేకుండా కాటిసీను ఆడితే ప్రేక్షకులు ఊరుకోని స్థితి వచ్చింది.

ఇప్పుడు దీన్ని నెమ్మదిగా చూద్దాం. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. కులం పేరు మీద ఆయన పడిన అవమానాలు ఆయనే పద్యాల్లో రాసుకున్నారు. ఆ కాటిసీనులో కథ ఏమిటి? ఒక చక్రవర్తి వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరిగా చేస్తున్నాడు. ఊరు అంటరానిదన్న పని చేస్తున్నాడు. ఆ పని చేస్తూ ఆయన పాడే పద్యాలు ఊరు అంటరానివాడన్న కవి రాసినవి. రాజుకైనా పేదకైనా చివరికి ఇదే చోటు అని ఆ పద్యాలు చెప్తుంటే, ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న పెద్దలు కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పాడమని అడిగారు. వాళ్ళలో ఎంతమంది ఆ కవిని ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టి ఉంటారు? చాలామందికి ఆ పద్యాలు ఎవరివో కూడా తెలియదు. తెలియకుండానే కంఠతా పట్టారు.

ఇది కళ సాధించిన విజయమా? నేను చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. పద్యం గెలిచింది, కులం ఓడిపోయింది అని సభల్లో చెప్పేవాణ్ణి కూడా. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. పద్యాన్ని విన్నారు, పద్యం రాసినవాణ్ణి వినలేదు. అక్షరరమ్యతను ఆదరించి ఇంటికి వెళ్ళిపోయారు. నన్నయ చెప్పిన "ఇతరులు" వీళ్ళే కాబోలు. ఈసారి మాత్రం వాళ్ళ వెంట నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

జాషువాకు ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే 1941లో "గబ్బిలం" రాశారు. సందేశ కావ్యాలు మనకు చాలా ఉన్నాయి. మేఘాన్ని పంపినవాళ్ళున్నారు, హంసను పంపినవాళ్ళున్నారు. ఈయన గబ్బిలాన్ని పంపాడు. ఎందుకు? గుడిలోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. నువ్వు గుడిలో వేలాడుతున్నప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేనప్పుడు చూసి నా కథ చెప్పు అంటాడు. ఆ కావ్యంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఈ ఏర్పాటు. కోపం ఉంది, కన్నీళ్ళున్నాయి, దేశం మీద ప్రేమ ఉంది. వాటన్నిటి కింద చెవి ఎంత దూరంలో ఉందో కొలిచి చూసుకున్న మనిషి ఉన్నాడు. నా మాట ఎవరి చెవిలో పడాలి, మధ్యలో ఎవరు నిలబడ్డారు, వాళ్ళు ఎప్పుడు పక్కకు వెళ్తారు. సమాజం, సాహిత్యం అంటూ మనం పెద్ద పెద్ద మాటలు వాడతాం. నాకు ఆ రెండింటి మధ్య సంబంధం గబ్బిలానికీ శివుడి చెవికీ మధ్య ఉన్న ఆ జానెడు చోటులో కనిపిస్తుంది.

వినడం శ్రోతలకే వదిలేసిన పని కాదు. రాసేవాళ్ళలో గట్టివాళ్ళందరూ ముందు బాగా విన్నవాళ్ళే.

గురజాడనే తీసుకోండి. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా వేస్తే 1034 తేలాయి. అందులో ఐదేళ్ళ వయసు పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. కాసేపు ఆ చివరి అంకె దగ్గర ఆగండి. ముగ్గురు. నడక కూడా సరిగ్గా రాని పిల్లలకు ధర కట్టి పెళ్ళి చేశారు.

ఈ లెక్క చేతిలో ఉన్నవాడు వ్యాసం రాయొచ్చు, ఉపన్యాసం ఇవ్వొచ్చు. గురజాడ నవ్వించే నాటకం రాశాడు. పాత్రలన్నీ ఎవరి నోటితో వాళ్ళు మాట్లాడతాయి. గిరీశం ఇంగ్లీషు ముక్కలు ఒకలా ఉంటాయి, అగ్నిహోత్రావధానులు తిట్లు ఒకలా ఉంటాయి, మధురవాణి ఎవరితో మాట్లాడుతుందో దాన్నిబట్టి మాట తీరు మారిపోతుంది. అరుగుల మీద, కోర్టు వసారాల్లో చెవి పెట్టి కూర్చోకపోతే అది రాదు. అంతటితో ఆగలేదు. మళ్ళీ తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చాడు. అచ్చయిన నాటకాన్ని, పేరొచ్చిన నాటకాన్ని, పన్నెండేళ్ళ తర్వాత విప్పి మళ్ళీ కుట్టడం చిన్న పని కాదు. మనం ఈరోజుల్లో అచ్చుతప్పులు కూడా దిద్దకుండా రెండో ముద్రణ వేస్తాం.

ఆయన స్నేహితుడు గిడుగు రామ్మూర్తి పంతులు గారి సంగతి ఇంకో మెట్టు పైన. పర్లాకిమిడిలో చరిత్ర పాఠం చెప్పుకునే మనిషి. కొండల్లో సవరలు మాట్లాడే భాష చెవిన పడింది. పట్టుపట్టి నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో వాళ్ళ పిల్లలకు బడులు పెట్టాడు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశాడు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది, జీవితాంతం పోలేదు. వాడుకభాష కోసం, అంటే జనం నోట వినిపించే భాష కోసం, పండితులతో దెబ్బలాడిన మనిషికి ఆ గొడవ జరిగిన రోజుల్లో చెవులు సరిగ్గా వినపడేవి కావు! ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. ఈ చెవుడు సంగతి ఏ సభలోనైనా ఒకరు చెప్తే బాగుండునని నాకు ఆశ.

నా ఉద్యోగం సంగతికి వస్తాను. గ్రంథాలయోద్యమం అంటే పాత తరం వాళ్ళకు పూనకం వచ్చేది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. 1935లో పాతూరి నాగభూషణం గారైతే కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య. పుస్తకాల పడవ వచ్చే వేళకు జనం గట్టు మీద నిలబడేవాళ్ళు. చదువు రానివాళ్ళు కూడా పఠనాలయానికి వచ్చేవాళ్ళు. ఒకడు పేపరు పైకి చదివేవాడు, పదిమంది వినేవాళ్ళు. మధ్యలో "ఆగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేవాళ్ళు. మళ్ళీ వన్స్‌మోరే.

మా గ్రంథాలయానికి రోజూ ఒక పెద్దాయన వచ్చేవారు. వచ్చాక కండువా మడిచి కుర్చీలో వేసుకుని కూర్చునే మనిషి. స్త్రీవాద కవితల సంకలనం "నీలిమేఘాలు" 1993లో వచ్చింది. మా దగ్గరికి రాగానే ఆయన తీసుకెళ్ళారు. రెండు రోజుల్లో తెచ్చి నా బల్ల మీద పడేశారు. "ప్రభుత్వం డబ్బుతో ఇవేనా కొనేది? ఇది కవిత్వమా?" అన్నారు. నేనేమీ అనలేదు. అటెండరు మాత్రం నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే మళ్ళీ అదే పుస్తకం అడిగారు. "మా అమ్మాయి చదువుతానంటోంది" అన్నారు, అటువైపు చూస్తూ. రెండుసార్లు గడువు పొడిగించుకున్నారు. మూడోసారి తెచ్చి ఇచ్చినప్పుడు పుస్తకం పడేయలేదు, బల్ల మీద పెట్టారు. "ఆ వంటింటి పద్యం మా ఆవిడకు చదివి వినిపించాను" అన్నారు. "ఏమన్నారండీ?" అని అడిగాను. "ఏమంటుంది. ఊ అంది" అన్నారు.

ఆ ఊ ఏ రకం ఊయో నేను అడగలేదు. ఆయనకు తెలిసినట్టే ఉంది.

ఇంతసేపూ వినేవాళ్ళ గురించి ఇన్ని నీతులు చెప్తున్నాను కదా, నా సంగతి కూడా చెప్పేస్తాను. ఉద్యోగం చివరి రోజుల్లో నాకూ సభల పిలుపులు మొదలయ్యాయి. గ్రంథాలయం మనిషి కాబట్టి అన్నీ చదివే ఉంటాడని నమ్మకం. ఒక కథల సంపుటి ఆవిష్కరణకు వెళ్ళాను. వేదిక మీద పద్నాలుగు మందిమి, కింద అంతకంటే కొంచెం తక్కువ. పుస్తకం వారం ముందే ఇంటికి పంపారు. చదవలేదు. బస్సులో ముందుమాట మాత్రం చదివాను. అందులో ఒక కథ గురించి చాలా గొప్పగా రాసి ఉంది, బావి పూడ్చే కథ. నేను మైకు ముందు ఆ బావి కథ గురించి పది నిమిషాలు మాట్లాడాను. ఆ బావిని మన సంస్కృతితో పోల్చాను. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత టీ తాగుతుంటే ఆ రచయిత్రి దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా చెప్పింది. "ఆ కథ పుస్తకంలో లేదండీ. ముందుమాట రాసేటప్పటికి ఉంది. నాకే నచ్చక అచ్చుకు ముందు తీసేశాను."

(నవ్వులు)

నవ్వండి. నేను ఆ రాత్రి నవ్వలేకపోయాను. హనుమంతుడు సైకిలెక్కాడు, నేను ఊ అన్నాను. అరవై దగ్గరపడ్డ వయసులో. ఇంటికెళ్ళి పుస్తకం మొత్తం చదివాను. మంచి కథలు. ఆవిడకు ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. జవాబు రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదు. ఆవిడ ఊ కోసం ఎదురుచూసిన సాయంత్రం దాటిపోయింది.

ఈమధ్య ప్రతి సభలోనూ "చదివేవాళ్ళు లేరు" అని ఒకరైనా ఏడుస్తారు. నేను ఆ ఏడుపులో చేరను. తెలుగులో కథల పుస్తకం వెయ్యి కాపీలు వేసి, అవి పోవడానికి ఏళ్ళు పట్టిన రోజులు నేను చూశాను. ఎప్పుడూ మందలు మందలుగా చదవలేదు. ఇప్పుడు వంట చేసుకుంటూ ఫోనులో కథలు వినే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒకావిడ నాతో, "కథ బాగుంటే కూర మాడుతుందండీ, అదే నా మార్కు" అంది. ఇంతకన్నా మంచి విమర్శ పత్రికల్లో చదివి చాలా రోజులైంది. నాకు బెంగగా ఉండేది వేరే. ఏది పెట్టినా అర నిమిషంలో "సూపర్", "అద్భుతం సార్", బొటనవేలు బొమ్మ. చదవడానికి పది నిమిషాలు పట్టే కథకు అర నిమిషంలో బొటనవేలు ఎలా లేస్తుంది? రాసేవాళ్ళు కూడా అది చూసి సంతోషపడిపోతున్నారు. పాపం, వాళ్ళు మధ్యలో ఒక సైకిల్ పెట్టి చూడాలి.

చివరగా ఒక పుస్తకం చూపిస్తాను. సంచిలో తెచ్చుకున్నాను, ఒక్క నిమిషం.

ఇదీ. అట్ట పోయింది, పేరు కూడా సగమే కనిపిస్తోంది. పాత అనువాద నవల. గ్రంథాలయ పుస్తకాల్లో గీతలు గీయకూడదని గోడ మీద బోర్డు ఉండేది, నేనే రాయించాను. అయినా కొన్ని పుస్తకాల్లో పెన్సిల్ రాతలు కనిపించేవి. సన్నని, గుండ్రని అక్షరాలు. మొదట్లో ఆ మనిషిని పట్టుకుని జరిమానా వేయాలని పంతం పట్టాను. గడువు చీటీల మీద తేదీలు, రిజిస్టరులో సభ్యుల నంబర్లు పోల్చి చూశాను. దొరకలేదు. చూడగా చూడగా ఆ రాతల కోసమే పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

ఇక్కడ చూడండి, అచ్చుతప్పు దిద్దాడు. లేదా దిద్దింది. ఈ పేజీలో "ఇది అచ్చుతప్పు కాదు, రచయిత తప్పు" అని ఉంది. ఇక్కడ ఒక మాట కింద గీత గీసి "మా వైపు ఇలా అనం" అని రాసి ఉంది. దాని కిందే ఇంకెవరిదో చేతిరాత, నీలం పెన్సిల్, "మా వైపు అంటాం". ఆ కింద మళ్ళీ మొదటి గుండ్రటి అక్షరాలు, "అయితే సరే". అంటే ఆ మనిషి ఈ పుస్తకాన్ని రెండోసారి తీసుకున్నాడన్నమాట. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని ఇద్దరు నా గ్రంథాలయంలో ఇలా మాట్లాడుకున్నారు. నాకు తెలియకుండా, నా బోర్డు కిందే.

రెండు వందల పేజీ దాటాక, హీరో తండ్రి చనిపోయే చోట ఏమీ దిద్దలేదు. మార్జిన్‌లో ఒక చిన్న గీత ఉంది. పక్కన ఒక్క అక్షరం. "ఊ".

చిరిగిన పుస్తకాల తొలగింపు జాబితాలో ఇది కూడా వచ్చింది. తూకానికి పోయే దశలో, వెల కట్టి రసీదు రాయించుకుని నేనే కొనుక్కున్నాను. చివర మూడు పేజీలు లేవు. కథ ఎలా ముగిసిందో నాకూ తెలియదు.

మొదటి వరుస నుంచి పంపుతున్నాను, చూసి పక్కవాళ్ళకు ఇవ్వండి. కాగితం పెళుసుగా ఉంది, జాగ్రత్త. ఎవరికైనా ఏమైనా రాయాలనిపిస్తే పెన్సిలే వాడండి.